కరెంటు పోయి వచ్చాక ఇంట్లోని కంప్యూటర్లన్నీ వాటంతట అవే లేవాలంటే

మీరడిగింది క్లుప్తంగా ఇదీ: పాత ఐ7 డెస్క్‌టాప్ ఫైల్ సర్వర్‌గా, రాస్‌బెర్రీ పై 4 బోర్డులు (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్లు) రెండు, టైనీ పీసీ (పుస్తకమంత డెస్క్‌టాప్) ఒకటి, పక్కన పడేసిన ల్యాప్‌టాప్ ఒకటి, కెమెరాల రికార్డర్ (ఎన్‌వీఆర్), వీటికి తోడు రౌటరూ స్విచ్చూ. అన్నీ 24 గంటలూ నడుస్తున్నాయి. బిల్లు పెరిగింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి లేవడం లేదు. ఏం తీసేయాలి, ఏం మార్చాలి?

ఎన్ని ఉన్నాయన్నది పెద్ద విషయం కాదు. ఇంట్లోవాళ్లకు కావాల్సినవీ, మీరు కెలుకుతూ ఉండేవీ ఒకే డబ్బాలో కలిసి ఉండటంతోనే తలనొప్పులన్నీ వస్తాయి. కాబట్టి ముందు రెండు జట్లు చేయండి. ఇంటర్నెట్, డీఎన్‌ఎస్ (సైట్ల పేర్లను అంకెల అడ్రసులుగా మార్చేది), కెమెరాలు, ఫోన్లలోని ఫొటోల బ్యాకప్ ఒక జట్టు. మీరు ఊళ్లో లేకపోయినా ఇవి నడవాలి, వీటి మీద ప్రయోగాలు నిషిద్ధం. మిగతావన్నీ రెండో జట్టు, మీరు కూర్చున్నప్పుడు ఆన్ చేసుకుంటే చాలు. చాలా ఇళ్లలో ఈ ఒక్క పనితోనే 24 గంటలూ నడిచేవి రెండు మూడుకు దిగుతాయి.

ఇప్పుడు బిల్లు. 1 వాటు నెలంతా నడిస్తే 0.72 యూనిట్. ప్లగ్గుకు పెట్టే వాట్ మీటర్ ఉంటే సరే, లేకపోతే ఇంటి మీటరే సరిపోతుంది. దాని మీద ఒక చిన్న ఎర్ర లైటు మిణుకుతుంటుంది, పక్కనే యూనిట్‌కు 3200 పల్సులనో 1600 పల్సులనో అచ్చు వేసి ఉంటుంది. ఫ్రిజ్జు, ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఆపేసి కంప్యూటర్లను మాత్రం ఉంచండి. పది మిణుకులకు ఎన్ని సెకన్లు పట్టిందో చూసి పదితో భాగించండి. 3200 మీటరైతే 1125ను ఆ అంకెతో భాగిస్తే వాట్లు వస్తాయి, 1600 మీటరైతే 2250ని భాగించాలి. 3200 మీటరు మీద 9 సెకన్లకోసారి మిణికిందంటే 125 వాట్లు, అంటే నెలకు 90 యూనిట్లు. తర్వాత ఒక్కో ప్లగ్గూ తీస్తూ మళ్లీ కొలిస్తే ఎవరి వాటా ఎంతో తేలిపోతుంది. రాస్‌బెర్రీ పై బోర్డుల్లాంటి చిన్నవి మాత్రం ఇలా విడిగా తేలవు. వాటిని వదిలేయండి, అసలు దొంగ అక్కడ ఉండడు.

అసలు దొంగ ఆ డెస్క్‌టాపే. గ్రాఫిక్స్ కార్డుతో ఉన్న పాత ఐ7 ఏ పనీ చేయకుండా కూర్చున్నా 60 నుంచి 80 వాట్లు తాగుతుంది. 75 అనుకుంటే నెలకు 54 యూనిట్లు. అదే పని 10 వాట్ల టైనీ పీసీతో చేయిస్తే 7 యూనిట్లు. మిగిలే 47 యూనిట్లకు సగటు రేటు కట్టకండి. అవి బిల్లులో చివరి స్లాబులో పడతాయి కాబట్టి ఆ రేటే కట్టాలి. అది 8 రూపాయలైతే నెలకు 375 రూపాయలు. ఇంకో టైనీ కొంటే ఎన్నాళ్లలో గిట్టుబాటవుతుందో దీన్నిబట్టి చూసుకోండి. తెలంగాణలో గృహజ్యోతి కింద ఉన్న ఇల్లయితే లెక్క ఇంకా కటువు: ఈ పెట్టె పుణ్యాన 200 యూనిట్లు దాటితే ఆ నెల సున్నా బిల్లు పోతుంది. డెస్క్‌టాప్ ఉంచి తీరాలంటే కనీసం ఆ గ్రాఫిక్స్ కార్డు పీకేయండి. ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్స్ సర్వర్‌కు చాలు.

టైనీ కొనేటట్టయితే థింక్‌సెంటర్ ఎం710క్యూ, ఆప్టిప్లెక్స్ 3050 మైక్రో, ఎలైట్‌డెస్క్ 800 జీ3 మినీ లాంటివి చూడండి. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే మొదలవుతుంది, విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. అందుకే ఆరు, ఏడు తరాలవి ఆఫీసుల నుంచి బయటికొచ్చేస్తున్నాయి. లైనక్స్‌కు అవి ఇంకా దుక్కల్లాంటివే. సినిమాల సర్వర్ కూడా పెట్టే ఉద్దేశం ఉంటే ఏడో తరమే తీసుకోండి. 10 బిట్ హెచ్‌ఈవీసీ (ఒక వీడియో కుదింపు పద్ధతి) వీడియోను చిప్పులోనే డీకోడ్ చేయడం ఆ తరంతో వచ్చింది, ఆరో తరానికి చేతకాదు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీ లాంటి చోట కొంటుంటే షాపులోనే బయాస్‌లోకి (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే లోపలి సెట్టింగులు) వెళ్లి చూడండి. పాస్‌వర్డ్ అడిగితే అక్కడే పెట్టేసి వచ్చేయండి. అడాప్టర్ కూడా ఆ మోడల్‌దే కావాలి. డెల్‌వి అడాప్టర్‌ను నడిమి పిన్నుతో గుర్తుపడతాయి, గుర్తుపట్టకపోతే మెషీన్ ఆన్ అవుతుంది గానీ నత్తనడక నడుస్తుంది. తెచ్చాక మూత తీసి దుమ్ము దులిపి, ఎండిపోయిన థర్మల్ పేస్టు మార్చండి.

ఇక మీ రెండో సమస్య. లేవకపోవడానికి కారణం ఒకటే అయి ఉండదు, నాలుగైదు కలిసి ఉంటాయి.

మొదటిది తేలిక. బయాస్‌లో కరెంటు వచ్చాక ఏం చేయాలో చెప్పే సెట్టింగ్ ఉంటుంది: ఆఫ్, ఆన్, లాస్ట్ స్టేట్. మొదటి జట్టుకు ‘ఆన్’ పెట్టండి. లాస్ట్ స్టేట్‌ను నమ్మొద్దు, మీరు షట్‌డౌన్ చేసి ఉంచితే అది ఆఫ్‌లోనే కూర్చుంటుంది.

రెండోది అంత తేలిగ్గా దొరకదు. సర్వర్‌ను యూపీఎస్‌కో ఇన్వర్టర్‌కో తగిలించి, బ్యాటరీ తగ్గగానే దానంతట అదే షట్‌డౌన్ అయ్యేలా పెట్టారనుకోండి. సర్వర్ పద్ధతిగా ఆగింది. బ్యాటరీ పూర్తిగా అయిపోకముందే కరెంటు వచ్చేసింది. అంటే సర్వర్ ప్లగ్గు దగ్గర కరెంటు అసలు పోనే లేదు! బయాస్ దృష్టిలో ఏమీ జరగలేదు, ఇక లేవడమెందుకు? దీనికి మందు వేక్ ఆన్ లాన్, అంటే ఆఫ్‌లో ఉన్న కంప్యూటర్‌ను నెట్‌వర్క్ మీదుగా లేపడం. ఒక పై బోర్డును ఎప్పుడూ ఆన్‌లో ఉంచండి. ఇన్వర్టర్ లేని లైనులో ఒక స్మార్ట్ ప్లగ్ పెట్టండి. పై బోర్డు ప్రతి 5 నిమిషాలకూ ఆ ప్లగ్‌ను పింగ్ చేయాలి, అంటే ఉన్నావా అని నెట్‌వర్క్‌లో పలకరించాలి. జవాబొస్తే కరెంటున్నట్టు, అప్పుడు సర్వర్ పలకకపోతే లేపే ప్యాకెట్ పంపాలి. వరసగా మూడుసార్లు జవాబు రాకపోతే కరెంటు పోయినట్టు, సర్వర్‌కు షట్‌డౌన్ చెప్పాలి. యూఎస్‌బీ పోర్టు లేని చవక యూపీఎస్‌లతో కూడా ఈ ఏర్పాటు పనిచేస్తుంది. రౌటరూ స్విచ్చూ కూడా ఇన్వర్టర్ మీద ఉండాలి, లేకపోతే పింగే వెళ్లదు. బయాస్‌లో డీప్ స్లీప్ అనో ఈఆర్‌పీ అనో ఉన్నది ఆపేయాలి, అది ఉంటే నెట్‌వర్క్ కార్డు కూడా నిద్రపోతుంది.

మూడోది గడియారం. రాస్‌బెర్రీ పై 4లో గడియారపు బ్యాటరీ లేదు. కరెంటు వచ్చాక అది పాత టైముతో లేస్తుంది, సరైన టైము ఇంటర్నెట్ నుంచి తెచ్చుకోవాలి. మీ పై బోర్డు మీద పై-హోల్ (యాడ్స్ ఆపే డీఎన్‌ఎస్), అన్‌బౌండ్ (పేర్లు వెతికిపెట్టే డీఎన్‌ఎస్) పెట్టి డీఎన్‌ఎస్‌సెక్ (డీఎన్‌ఎస్ జవాబుల సంతకాల తనిఖీ) ఆన్ చేసి ఉంటే ఇక్కడ ముడిపడుతుంది. టైము తప్పుగా ఉంటే డీఎన్‌ఎస్ సంతకాలు చెల్లవు, పేర్లు తేలవు. పేర్లు తేలకపోతే టైము సర్వర్ ఎక్కడుందో తెలియదు. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు అన్నట్టు. పది నిమిషాల కట్‌కు ఏమీ కాదు, రాత్రంతా పోయిన రోజున బయటపడుతుంది. అందుకే ఎప్పుడూ అంతుపట్టదు. టైము సర్వర్‌ను పేరుతో కాకుండా అంకెల అడ్రసుతో ఇవ్వండి. 162.159.200.1 క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల టైము సర్వర్, లేదా మీ రౌటర్ టైము ఇవ్వగలిగితే దాని అడ్రసు. రాస్‌బెర్రీ పై 5లో గడియారం ఉంది గానీ దానికి చిన్న బ్యాటరీ విడిగా కొని తగిలించాలి.

నాలుగోది వరస తప్పడం. టైనీ అర నిమిషంలో లేస్తుంది, ఫైబర్ డబ్బా లైను పట్టుకునేసరికి రెండు మూడు నిమిషాలు. ఈలోగా ఫైల్ సర్వర్ ఫోల్డర్ దొరక్క మౌంట్ (ఆ ఫోల్డర్‌ను టైనీకి తగిలించడం) విఫలమవుతుంది. ఆ తర్వాత జరిగేది ఇంకా దారుణం. ఫొటోల సర్వీసో కెమెరా రికార్డింగో ఆ ఖాళీ ఫోల్డర్‌లోనే రాసుకుంటూ పోతుంది, అంటే టైనీ సొంత డిస్కు మీద. రెండు మూడు రోజుల్లో డిస్కు నిండి మొత్తం ఆగిపోతుంది. డిస్కు చూస్తే ఏ ఫైళ్లు తిన్నాయో కూడా కనపడదు, ఎందుకంటే తర్వాత మౌంట్ అయిన ఫోల్డర్ వాటిని కప్పేసి ఉంటుంది. మౌంట్ తీసి చూస్తే బయటపడతాయి. దీనికి రెండు పనులు: మౌంట్ లేనప్పుడు ఆ ఖాళీ ఫోల్డర్‌ను ఎవరూ రాయలేనట్టు తాళం వేసి ఉంచండి, ఆ సర్వీసు మౌంట్ అయ్యాకే మొదలయ్యేలా సిస్టమ్‌డీలో (లైనక్స్‌లో సర్వీసులను మొదలుపెట్టేది) ముడిపెట్టండి. ప్రాక్స్‌మాక్స్ (ఒకే కంప్యూటర్‌లో చాలా వర్చువల్ మెషీన్లు నడిపేది) వాడుతుంటే ఒక్కో వర్చువల్ మెషీన్‌కు స్టార్ట్ ఆర్డర్, ఆలస్యం ఇవ్వొచ్చు. స్టోరేజ్ ముందు, 120 సెకన్ల తర్వాత మిగతావి. సర్వర్లకు అడ్రసులు స్టాటిక్‌గా (మారకుండా) ఇవ్వండి, లేచేటప్పటికి రౌటర్ లేచి ఉంటుందన్న నమ్మకం లేదు.

డీఎన్‌ఎస్ సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. పై-హోల్ ఆగితే గతేంటని చాలామంది రౌటర్‌లో రెండో డీఎన్‌ఎస్‌గా గూగుల్‌వాళ్ల 8.8.8.8 పెడతారు. మొదటిది చస్తేనే రెండోదాన్ని అడుగుతారన్న గ్యారంటీ లేదు. ఫోన్లు, టీవీలు తమకు తోచినదాన్ని అడుగుతాయి, యాడ్స్ సగం వస్తూనే ఉంటాయి. మీకు పై బోర్డులు రెండున్నాయి కదా, రెండింటి మీదా పై-హోల్ పెట్టి రెండు అడ్రసులూ రౌటర్‌కు ఇవ్వండి. ఒకటి మీరు కెలికి పాడుచేసినా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ పై బోర్డులకు ఫోన్ ఛార్జర్లు వాడుతుంటే ఈరోజే తీసేయండి. 5.1 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. వోల్టేజి 4.63 కిందికి దిగితే స్క్రీన్ మీద పసుపు మెరుపు గుర్తు వస్తుంది, మానిటర్ లేకుండా నడిపేవాళ్లు దాన్ని చూడనే చూడరు. ఎస్‌డీ కార్డులు పోయేది కూడా చాలాసార్లు ఈ తక్కువ వోల్టేజితో, రాస్తుండగా కరెంటు పోవడంతోనే. ఫైల్ సిస్టమ్ ‘రీడ్ ఓన్లీ’ అని మొండికేసిందంటే చాలాసార్లు ఆ కార్డు పని అయిపోయినట్టే, ఫార్మాట్ చేసి మళ్లీ వాడొద్దు. చిన్న ఎస్‌ఎస్‌డీ నుంచి బూట్ చేయండి, లాగ్‌లను ర్యామ్‌లో పెట్టండి.

ఇన్వర్టర్ సైన్ వేవ్‌దే కావాలి. వెనకాల యూపీఎస్, ఎకో లాంటి పేర్లతో ఒక స్విచ్ ఉంటుంది. ఎకోలో ఉంటే బ్యాటరీకి మారడానికి పట్టే సమయాన్ని ఫ్యాన్లు పట్టించుకోవు, కంప్యూటర్ల సప్లయ్ మాత్రం తట్టుకోలేదు. యూపీఎస్ వైపు పెట్టండి. లో వోల్టేజి ఉండే ఊళ్లో దీంతో ఒక చిక్కుంది: ఆ మోడ్‌లో ఇన్వర్టర్ 180 వోల్టుల దగ్గరే బ్యాటరీకి మారిపోతుంది, సాయంత్రమయ్యేసరికి బ్యాటరీ ఖాళీ. అలాంటి చోట ఎకోలోనే ఉంచి, సర్వర్‌కూ రౌటర్‌కూ ముందు ఒక చిన్న 600 వీఏ యూపీఎస్ పెట్టడం మేలు.

టైనీ ఇనప డబ్బాను ముట్టుకుంటే చేతికి జివ్వుమంటోందా? చాలాసార్లు డబ్బా పాడైనట్టు కాదు, మీ ప్లగ్గులో ఎర్త్ లేనట్టు. సప్లయ్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల డబ్బా మీదికి సగం వోల్టేజి తేలుతుంది. కరెంటు అతి తక్కువ కాబట్టి మామూలుగా ప్రాణానికి ప్రమాదం ఉండదు గానీ, హెచ్‌డీఎంఐ తీగ గుచ్చేటప్పుడు పోర్టు పోవచ్చు. పాత ఇళ్లలో మూడో పిన్ను చాలాచోట్ల అలంకారమే. ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ తీగ లాగించండి.

అడాప్టర్లన్నిటికీ పేర్లు రాసి అంటించండి, రెండు చివర్లా. రౌటర్ 12 వోల్టులు, మరొకటి 19, ఇంకొకటి 5. గుండ్రటి పిన్నులు చాలావాటికి ఒకేలా ఉండి ఒకదానిలో ఒకటి దూరిపోతాయి. 19ది రౌటర్‌లో గుచ్చితే మిగిలేది వాసనే.

స్థలం: అటక మీద, బీరువాలో, ఫ్రిజ్జు మీద వద్దు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో అటక మీద వేడి గదిలోకంటే చాలా ఎక్కువ. రాస్‌బెర్రీ పై బోర్డు 80 డిగ్రీల దగ్గర వేగం తగ్గించుకుంటుంది, హార్డ్ డిస్కులను 50 లోపు ఉంచాలి. వెచ్చగా ఉండే డబ్బాల్లోకి బల్లులు దూరి సప్లయ్‌ను షార్ట్ చేస్తాయి. వెనక ఖాళీ స్లాట్ల రేకులు ఊడిపోయి ఉంటే దోమల మెష్ ముక్క అంటించండి.

ల్యాప్‌టాప్‌ను సర్వర్‌గా వాడాలంటే ఛార్జింగ్ 60 శాతం దగ్గర ఆగేలా పెట్టండి, బయాస్‌లోనో ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనో ఉంటుంది. ఎప్పుడూ 100లో ఉంచితే బ్యాటరీ ఉబ్బవచ్చు. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు కనిపిస్తే వెంటనే ఆపి బ్యాటరీ తీయించండి. నన్నడిగితే దాన్ని రెండో జట్టులో ఉంచమంటాను.

పైవన్నీ అయ్యాక పరీక్ష. డేటా బ్యాకప్ వేరే డిస్కులో ఉందని, ఆ డిస్కు ప్లగ్గు తీసి ఉందని చూసుకున్నాక, ఆదివారం పొద్దున సర్వర్లను షట్‌డౌన్ చేసి మెయిన్ ఆపండి, ఇన్వర్టర్ కూడా. పది నిమిషాలు ఆగి మళ్లీ వేయండి. మీరు దేన్నీ ముట్టుకోవద్దు. పావుగంట తర్వాత ఫోన్‌లో చూడండి: పేజీ తెరుచుకుంటోందా, నాలుగు కెమెరాలుంటే నాలుగూ వస్తున్నాయా, ఇప్పుడు తీసిన ఫొటో సర్వర్‌కు చేరిందా. ఇంకోసారి ఇన్వర్టర్ ఉండగా మెయిన్ ఒక్కటే ఆపి, సర్వర్ తనంతట తాను షట్‌డౌన్ అయ్యేదాకా ఆగి వేయండి. వేక్ ఆన్ లాన్ ఏర్పాటు పనిచేస్తోందో లేదో దీంతోనే తెలుస్తుంది. లేవనిది ఏదో చెప్తే దాని బయాస్ సెట్టింగులు ఒక్కొక్కటీ చూద్దాం.