బడి సమావేశానికి తల్లిదండ్రులు రావాలంటే ఏం చేయాలి?

ఎన్నిసార్లు పిలిచినా తల్లిదండ్రులు బడికి రావడం లేదని ఉపాధ్యాయులు అంటుంటారు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది మహిళలు. కాగితం మీద పెత్తనం వారిదే, చాలాచోట్ల జరిగేది మాత్రం సంతకాల వరకే. మార్కులు చదివి పంపించేస్తే కూలి మానుకుని ఎవరు వస్తారు?

సమావేశంలో పిల్లలనే తల్లిదండ్రులకు గురువులను చేయండి. ఎనిమిదో తరగతి అమ్మాయి వాళ్ల అమ్మ ఫోను చేతిలోకి తీసుకుని, "ఫోనులో డబ్బు మనకు రావడానికి పిన్ కొట్టనక్కర్లేదమ్మా, కొట్టమన్నారంటే మోసమే" అని చూపించాలి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలనీ చెప్పాలి. తర్వాత అదే గదిలో బడి గ్రాంటు లెక్కలు బోర్డు మీద రాయించండి, చీపుర్లు, సుద్దముక్కలతో సహా. ప్రశ్నలు అప్పుడు మొదలవుతాయి. అన్నట్టు, సమావేశం సాయంత్రం ఆరు దాటాకే పెట్టండి.