‘ఒక ఇంజక్షను ఇప్పించేయరా’ అన్నప్పుడు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మా నాన్నగారికి 71 ఏళ్లండి. అన్నవాహిక క్యాన్సరు. ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లమన్నారు. రాత్రుళ్లు మంచం పట్టె పట్టుకుని, ‘ఒక ఇంజక్షను ఇప్పించేయరా, పుణ్యముంటుంది’ అంటున్నారు. విదేశాల్లో చేస్తారట కదండీ, మనకెందుకు లేదు? – పాఠకుడు, భీమవరం

మన చట్టం దానికి ఒప్పుకోదండి. ప్రాణం తీసే మందు డాక్టరు ఎక్కిస్తే అది నరహత్య. రోగి మింగడానికి చేతికందిస్తే ఆత్మహత్యకు సాయం చేసినట్టు. భారతీయ న్యాయ సంహిత 108వ సెక్షన్ కిందికి వస్తుంది. నెదర్లాండ్స్‌లో 2002 నుంచి డాక్టరే ఇంజక్షను ఇవ్వవచ్చు. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో 1997 నుంచి మందు రాసివ్వడం వరకే డాక్టరు పని, మింగేది రోగే. ఆరు నెలలకు మించి బతకరని ఇద్దరు డాక్టర్లు తేల్చాలి కూడా.

ఇక్కడ ఆ తలుపు తెరవకూడదనే మేమంటాం. అర ఎకరం అమ్మి వైద్యం చేయిస్తున్న ఇంట్లో పెద్దాయన ‘చావు కావాలి’ అంటే, అది నొప్పి అనిపిస్తోందో, ‘మీకు బరువైపోయాను’ అన్న బెంగ అనిపిస్తోందో విడదీయడం కష్టం.

అలాగని ఆయన మాట కొట్టిపారేయకండి. రాత్రుళ్లే అడుగుతున్నారంటే మందు బలం అప్పటికి దిగిపోతోందేమో చూడాలి. క్యాన్సరు నొప్పికి నోటి మార్ఫిన్ మంచి మందు. మామూలు బిళ్ల సుమారు నాలుగు గంటలు పనిచేస్తుంది. నొప్పి వచ్చాక వేస్తే ప్రతిసారీ వెనకబడతాం, గడియారం చూసి వేయాలి. అర్ధరాత్రి లేపకుండా ఉండేందుకు పడుకునేముందు ఎక్కువ మోతాదు రాసే పద్ధతి ఉంది. అది డాక్టరే నిర్ణయించాలి, ముఖ్యంగా కిడ్నీలు బాగోలేనివాళ్లకి. మింగలేకపోతే మామూలు బిళ్ల పొడి చేసి ముక్కు గొట్టంలోంచి ఇవ్వవచ్చు. నెమ్మదిగా కరిగే రకాన్ని మాత్రం పొడి చేయకూడదు, గంటల తరబడి మెల్లగా దిగాల్సిన మందంతా ఒకేసారి ఒంట్లోకి దిగుతుంది.

చాలా ఇళ్లలో మార్ఫిన్ ఆగిపోయేది విరేచనం దగ్గరే. నాలుగు రోజులు కాక పొట్ట ఉబ్బుతుంది, మందు పడలేదని మానేస్తారు. విరేచనాల మందు మొదటి రోజు నుంచే జతగా రాయించుకోండి. అలవాటైపోతుందని, ఊపిరి ఆగిపోతుందని భయపడతారు. నొప్పిని బట్టి మెల్లగా పెంచుకుంటూ పోతే అలా జరగడం అరుదు. నొప్పి తగ్గించడం చాటుగా చంపడం కాదు.

ఈ మందు మామూలు మందుల షాపులో దొరకదు. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించాక, గుర్తింపు పొందిన ఆసుపత్రులు నిల్వ ఉంచుకోవచ్చు. పెద్దాసుపత్రిలో క్యాన్సరు విభాగాన్ని, లేదా ఉపశమన వైద్యం (జబ్బు నయం కాకపోయినా నొప్పీ బాధా తగ్గించే వైద్యం) చూసే డాక్టర్ని అడగండి. నొప్పి తగ్గాక కూడా అదే మాట అంటుంటే మనసు కుంగిందేమో చూపించాలి. మనసు బాధలకు ప్రభుత్వం నడిపే ఫోను సాయం టెలీ మానస్ 14416కి తెలుగులోనే మాట్లాడవచ్చు. రాత్రుళ్లు కాచుకుని కూర్చునే మీరైనా సరే.

టీచరుగా రిటైరయ్యాను, 68 ఏళ్లు. అమ్మాయి హైదరాబాదు, అబ్బాయి డల్లాస్. నన్ను వారాల తరబడి వెంటిలేటరు మీద ఉంచొద్దని రాసిపెట్టవచ్చా? – పాఠకురాలు, అమలాపురం

నిక్షేపంగా రాయవచ్చమ్మా. ముంబైలో 1973లో దాడికి గురై 42 ఏళ్లు మంచానే ఉన్న నర్సు అరుణా శాన్‌బాగ్ కేసులో, 2011లో సుప్రీంకోర్టు, హైకోర్టు అనుమతితో వైద్యం ఆపవచ్చంది. 2018 మార్చి 9న అయిదుగురు జడ్జీల ధర్మాసనం ముందస్తు వీలునామాను, అంటే చెప్పలేని స్థితి వస్తే ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టే కాగితాన్ని, గుర్తించింది. 2023 జనవరిలో పద్ధతి సులువైంది: మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లక్కర్లేదు, ఇద్దరు సాక్షులతో నోటరీ ముందో గెజిటెడ్ అధికారి ముందో సంతకం పెడితే చాలు. సాక్షులు బయటివాళ్లయితే మేలు.

‘అనవసర వైద్యం వద్దు’ అని మాత్రం రాయకండి, ఐసీయూలో ఆ మాట ఎవరికీ పనికిరాదు. కోలుకునే ఆశ లేదని తేల్చాక వెంటిలేటరు, డయాలసిస్, గుండె ఆగితే ఛాతీ నొక్కడం, ముక్కు గొట్టం వీటిలో ఏవి వద్దో పేరుపేరునా రాయండి. నొప్పికీ ఆయాసానికీ మందులు కావాలని కూడా రాయండి.

మీ తరఫున మాట్లాడే మనిషి పేరు రాయడం అన్నిటికన్నా ముఖ్యం. ఆసుపత్రి వాళ్లు ఆ మనిషి ఒప్పుదల అడుగుతారు. వైద్యం ఆపవచ్చో లేదో రెండు బోర్డులు తేలుస్తాయి. చూస్తున్న డాక్టరు, అయిదేళ్ల అనుభవమున్న మరో ఇద్దరు నిపుణులు కలిసి మొదటి బోర్డు. జిల్లా వైద్యాధికారి పంపిన డాక్టరుతో ఇంకో ముగ్గురి బోర్డు. ఒక్కొక్కటీ వీలైతే 48 గంటల్లో తేల్చాలి. ఆపేముందు మేజిస్ట్రేటుకు తెలియజేస్తారు. బోర్డు కాదంటే హైకోర్టుకు వెళ్లవచ్చు. ఇంత నడిచాక డల్లాస్ నుంచి దిగిన అబ్బాయి ‘ఇంకో వారం చూద్దాం’ అంటే, మీరు పేరు రాసిన మనిషి నీళ్లు నమిలితే, కాగితం అక్కడే ఆగుతుంది. కాబట్టి ప్రేమ ఎవరికెక్కువో చూడకండి, మాట మీద నిలబడేది ఎవరో చూడండి. ఈ సంక్రాంతికే ఇద్దరినీ కూర్చోబెట్టి చదివి వినిపించండి.

నకళ్లు ఆ మనిషికీ, మీ డాక్టరుకీ, మునిసిపాలిటీలో ఇందుకు నియమించిన అధికారికీ ఇవ్వాలి. ఆఫీసులో ‘ఇదేంటి’ అంటే, రెండో కాపీ మీద ముట్టినట్టు సంతకం, తేదీ అడగండి. ఫోనులో ఫొటో ఉంచండి. బీరువాలో కాగితముండగానే గొట్టం వేసేయడం మామూలే. మనసు మారితే ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేయవచ్చు.

అమ్మ విశాఖలో వెంటిలేటరు మీద ఉంది. లాభం లేదన్నారు. ఊపిరి ఇంట్లోనే పోవాలని ఆవిడ కోరిక. తీసుకొచ్చేస్తే పాపమా? – పాఠకురాలు, రాజోలు

పాపం కాదమ్మా. ఆగేది యంత్రం, తీసుకెళ్లేది జబ్బు. కానీ ‘వైద్యుల సలహాకు విరుద్ధంగా’ అని సంతకం పెట్టి హడావుడిగా తెచ్చేయకండి. దారిలో ఆక్సిజన్ నిమిషానికి 10 లీటర్లు వాడితే, 1,500 లీటర్ల బి-టైపు సిలిండరు రెండున్నర గంటల్లో అయిపోతుంది. రాజోలు అంతకన్నా దూరం. రెండో సిలిండరు ఉంటేనే బండెక్కండి. గడపలో గొట్టం పీకేస్తే ఆవిడ ఊపిరికి కొట్టుకుంటుంది. తీసేముందే మార్ఫిన్, మత్తు మందు ఇచ్చేలా, ఇంట్లో ఎవరు ఇస్తారో తేలేలా డాక్టరుతో మాట్లాడండి. డిశ్చార్జి కాగితం దాచండి. మరణాన్ని 21 రోజుల్లోపు పంచాయతీలో నమోదు చేయించేటప్పుడు పనికొస్తుంది.

ఇంటికొచ్చాక ప్రేమకొద్దీ కొబ్బరినీళ్లు గొంతులో పోస్తారు. స్పృహ లేని మనిషి మింగదు, అవి ఊపిరితిత్తుల్లోకి పోయి గురగుర మొదలవుతుంది. తల కొంచెం ఎత్తి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తడిగుడ్డ వేలికి చుట్టి పెదాలు, నాలుక తుడవండి. తులసి తీర్థమైనా ఆ గుడ్డకే అద్దండి.