కమిటీ ఛైర్మన్‌పై వార్త రాసే ముందు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన కాగితాలన్నీ చదివాను. ఒక పార్లమెంటరీ కమిటీ ఛైర్మన్ కుటుంబానికి, ఆ కమిటీ పరిశీలిస్తున్న రంగంలోనే ఒక కంపెనీలో వాటా ఉందన్నది ఆరోపణ. కాగితాలు ఇచ్చినవాళ్ళు రేపే వార్త రావాలని తొందరపెడుతున్నారని రాశావు. ఆ తొందర వాళ్ళది, నీది కాదు. వాళ్ళకేదో అవసరం ఉండే ఉంటుంది. అవసరం ఉన్నంత మాత్రాన కాగితాలు అబద్ధమైపోవు. అయితే ఆ అవసరమేమిటో తెలిస్తే, నీకు ఇవ్వకుండా ఆపిన కాగితాలేవో ఊహించగలవు. వాటిని కూడా సంపాదించాకే రాయడం మొదలుపెట్టు.

నా మాట ఒక్కటే. ‘ఆయన డబ్బు తీసుకున్నారా’ అని వెతుకుతూ కూర్చోకు. లంచం ఉంటే అది వేరే నేరం, దానికి వేరే చరిత్ర ఉంది. 1951లో బొంబాయి బులియన్ అసోసియేషన్ అనే బంగారం, వెండి వ్యాపారుల సంఘం నుంచి డబ్బు తీసుకుని దాని తరఫున పనిచేసిన ఎంపీ హెచ్.జి. ముద్గల్ ఉదంతం, 2005 డిసెంబరులో సభలో ప్రశ్నలు వేయడానికి డబ్బు తీసుకుని పదకొండు మంది ఎంపీలు సభ్యత్వాలు పోగొట్టుకున్న ఉదంతం ఆ కోవలోవి. విరుద్ధ ప్రయోజనాల వార్తకు లంచం అక్కర్లేదు. ఆయన సొంత లాభానికీ, చేతిలోని అధికారానికీ ఏ రోజున, ఏ అంశం మీద ముడి పడిందో చూపించాలి. అక్కడ ఆయన నిజంగా పక్కకు తప్పుకున్నారా లేదా తేల్చాలి. మిగతాదంతా అలంకారం.

2015 నాటి పొగాకు వ్యవహారం జరిగేటప్పటికి నువ్వింకా బడిలో ఉన్నావు. ఇప్పుడు ఆ నివేదికలు తీసి చదువు. పొగాకు ఉత్పత్తుల ప్యాకెట్లకు రెండు వైపులా 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2014 అక్టోబరు 15న నోటిఫికేషన్ ఇచ్చింది. అంతకు ముందు ఒక వైపున 40 శాతమే ఉండేది. కొత్త నిబంధన 2015 ఏప్రిల్ 1 నుంచి అమలు కావాలి. ఈలోగా అది లోక్‌సభ సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీ పరిశీలనకు వచ్చింది. చట్టం ఇచ్చిన అధికారంతో ప్రభుత్వం చేసే నిబంధనలు ఆ చట్టం హద్దుల్లో ఉన్నాయో లేదో చూసే పదిహేను మంది సభ్యుల కమిటీ అది. అహ్మద్‌నగర్ ఎంపీ దిలీప్ గాంధీ ఛైర్మన్. అమలు తేదీ దగ్గరపడ్డాక, ప్రస్తుతానికి ఆ నిబంధనను నిలిపి ఉంచమని కమిటీ సిఫారసు చేసింది. ప్రభుత్వం వాయిదా వేసింది. పొగాకు వల్ల క్యాన్సర్ వస్తుందని తేల్చిన భారతీయ అధ్యయనమేదీ లేదని ఛైర్మన్ అనడంతో వైద్యులు మండిపడ్డారు.

ఆ కమిటీలోనే అలహాబాద్ ఎంపీ శ్యామాచరణ్ గుప్తా కూడా ఉన్నారు. ఆయన పెద్ద బీడీ వ్యాపారి. అది రహస్యమేమీ కాదు, ఆయనా దాచలేదు. విపరీతంగా పొగతాగినా ఏ జబ్బూ రానివాళ్ళను చూపిస్తానని బహిరంగంగానే వాదించారు. బీడీ ప్యాకెట్ మీద బొమ్మ ఎంత ఉండాలన్న చర్చలో బీడీల యజమాని కూర్చున్నారు. ఒక్క రూపాయి చేతులు మారినట్టు రుజువు అవసరం లేకుండానే ఆ వార్త నిలబడింది. చివరికి 2016 మార్చిలో కమిటీ 50 శాతం చాలంది. ప్రభుత్వం ఆ మాట వినకుండా 2016 ఏప్రిల్ 1 నుంచి 85 శాతమే అమలు చేసింది. మధ్యలో ఒక ఏడాది పోయింది. ఆ ఏడాది పొడవునా పాత ప్యాకెట్లే అమ్ముడయ్యాయి. నాకు ఈనాటికీ కోపం తెప్పించేది అదే.

అయినా ఆ రోజుల్లో వచ్చిన వార్తలను జాగ్రత్తగా చదివితే ఒక గందరగోళం కనిపిస్తుంది. సభ్యుడి వ్యాపారం ఒక ప్రశ్న. ఛైర్మన్ అన్న మాట శాస్త్రీయంగా తప్పన్నది రెండో ప్రశ్న. అలాంటి సభ్యుడు ఉండగా ఈ అంశాన్ని ఛైర్మన్ ఎలా నడిపించారన్నది మూడోది. ఈ మూడింటినీ కలిపి ఒకే ముద్దగా రాసినచోట, చదివేవాడికి ఛైర్మనే బీడీ వ్యాపారి అన్న భావన కలిగేది. అది అన్యాయం. దిలీప్ గాంధీ, గుప్తా ఇద్దరూ 2021లో కన్నుమూశారు, ఇప్పుడు జవాబు చెప్పుకోలేరు. ఎవరి మీద ఏ ఆరోపణ ఉందో వాక్యం వాక్యానికీ విడదీసి రాయి. నీ కాగితాల్లోనూ వాటా కుటుంబ సభ్యుల పేరున ఉంది, ఆయన పేరున లేదు. ఆ తేడా మొదటి పేరాలోనే రావాలి.

ఇక నియమాల సంగతి. లోక్‌సభ నియమావళిలో 255వ నియమం చదువు, ఒకసారి కాదు, కంఠతా వచ్చేదాకా చదువు. కమిటీలో ఒక సభ్యుడికి పరిశీలనాంశంలో వ్యక్తిగతమైన, ఆర్థికమైన లేదా ప్రత్యక్షమైన ప్రయోజనం ఉంటే అభ్యంతరం చెప్పవచ్చని, స్పీకర్ దాన్ని తేలుస్తారని ఉంటుంది. దాని చివర్లో అసలు చిక్కుంది. ఆ ప్రయోజనం ఆ సభ్యుడికి ప్రత్యేకంగా చెందినదై ఉండాలి, సాధారణ ప్రజలతో గానీ, ఏదైనా ఒక వర్గంతో గానీ పంచుకునేది కాకూడదు. బీడీ వ్యాపారి ‘దేశంలోని బీడీ తయారీదారులందరిలో నేనొకణ్ణి’ అంటే ఈ వాక్యం ఆయనకు గొడుగు పడుతుంది. నువ్వు ప్రశ్నించబోయే ఛైర్మన్ కూడా ఈ గొడుగు కిందికే వస్తారు, చూస్తూ ఉండు. అందుకే ఆయన కుటుంబ కంపెనీ ఆ రంగంలోని అనేక కంపెనీల్లో ఒకటా, లేక కమిటీ చేసిన ఫలానా సిఫారసు వల్ల ప్రత్యేకంగా లాభపడే నాలుగైదు కంపెనీల్లో ఒకటా అన్నది నువ్వే తవ్వాలి. నీ వార్త బలమంతా అక్కడే ఉంది. నన్నడిగితే ఈ నియమాన్ని మార్చాలి, వర్గం పేరు చెప్పి తప్పించుకునే దారి మూసెయ్యాలి. ఆ మాట సంపాదకీయంలో రాసుకోవచ్చు, వార్తలో కుదరదు.

ఇక్కడే మన ప్రాంతం గురించి ఒక మాట. నిజామాబాద్ ఎంపీ ఎవరైనా బీడీలు చుట్టే ఆడవాళ్ళ ఉపాధి గురించి కమిటీలో గట్టిగా మాట్లాడితే, ఒంగోలు ఎంపీ పొగాకు రైతు గిట్టుబాటు ధర కోసం పట్టుబడితే అది వాళ్ళ బాధ్యత. వాళ్ళను గెలిపించి పంపింది అందుకే. దాన్ని విరుద్ధ ప్రయోజనంగా రాసే తెలివితక్కువ పని చెయ్యకు. అదే ఎంపీకి బీడీ కార్ఖానాలోనో పొగాకు ఎగుమతి కంపెనీలోనో వాటా ఉంటే అప్పుడు ప్రశ్న పుడుతుంది. ఆ కార్మికుల పేరు చెప్పి యజమాని లాభం కాపాడుతున్నారేమోనన్న అనుమానం వస్తుంది. ఇలాంటి వ్యవహారాల్లో ఎప్పుడూ ముందుకు తోసేది కూలీలనే. వాళ్ళ మాట వాళ్ళనే అడిగి రాయి.

కాగితాలు ఎక్కడ దొరుకుతాయో చెబుతాను. ఛైర్మన్ ఎన్నికల అఫిడవిట్‌తో మొదలుపెట్టు. తన పేరున, జీవిత భాగస్వామి పేరున, ఆధారపడినవారి పేరున ఉన్న షేర్లు అందులో ఉండాలి. పెళ్ళైన కొడుకు, అల్లుడు, తమ్ముడు అందులో ఉండరు. వాళ్ళ కోసం కంపెనీ వ్యవహారాల శాఖ రికార్డుల్లో డైరెక్టర్ల వివరాలు, వార్షిక పత్రాలు చూడాలి. రాజ్యసభ సభ్యులైతే 293వ నియమం కింద ప్రయోజనాల రిజిస్టర్ ఉంటుంది. వేతనం వచ్చే డైరెక్టర్ పదవి, క్రమంగా ఆదాయం తెచ్చే పని, నియంత్రణ స్థాయిలో వాటా, డబ్బు తీసుకునే సలహాదారు పని, వృత్తిపరమైన నియామకం, ఈ ఐదూ అందులో రాయాలి. దాని కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టు. లోక్‌సభలో ఆస్తులు, అప్పుల ప్రకటన ఉంది గానీ, దాన్ని ఈ రిజిస్టర్‌తో సమానం చెయ్యలేం.

కమిటీ నివేదిక చేతికి వస్తే అందరూ సిఫారసులు చదివి పక్కన పెడతారు. నువ్వు వెనక నుంచి చదువు. అనుబంధంలో సమావేశాల మినిట్స్ ఉంటాయి. ఏ రోజు ఎవరు హాజరయ్యారు, అధ్యక్షత ఎవరు వహించారు, ఏ సాక్షులు వచ్చారు అన్నీ అక్కడ కనిపిస్తాయి. ఛైర్మన్ లేని రోజున సభ్యులు మరొకరిని కుర్చీలో కూర్చోబెడతారు, ఆ పేరూ నమోదవుతుంది. ఆయన కుటుంబ కంపెనీకి సంబంధించిన అంశం వచ్చిన రోజున ఆ కుర్చీలో ఎవరున్నారో నీకు ముందు తెలియాల్సింది. ఓట్లు సమానమైనప్పుడు ఛైర్మన్‌కు రెండో ఓటు, అంటే నిర్ణాయక ఓటు ఉంటుంది. కానీ ఆయన అసలు బలం మరోచోట ఉంటుంది. ఏ అంశం ముందు తీసుకోవాలి, ఎవరిని పిలవాలి, ఎవరిని పిలవకుండా వదిలెయ్యాలి, ముసాయిదా ఎప్పుడు చర్చకు పెట్టాలి అన్న విషయాల్లో ఆయన మాటే ఎక్కువగా చెల్లుతుంది. పిలవని సాక్షుల జాబితా ఎక్కడా అచ్చు కాదు. ఆ రంగంలో పోటీ కంపెనీలను, వినియోగదారుల సంఘాలను అడిగి నువ్వే తయారు చేసుకోవాలి.

ఒక హెచ్చరిక. కమిటీ సమావేశాలు మూసిన తలుపుల వెనక జరుగుతాయి. సభ ముందుకు రాకముందే ముసాయిదా నివేదికను అచ్చు వేస్తే సభాహక్కుల ఉల్లంఘన నోటీసు వస్తుంది. నీ కాగితాల కట్టలో ముసాయిదా పేజీలు రెండు కనిపించాయి. వాటిని విషయం తెలుసుకోవడానికి వాడుకో, అచ్చుకు మాత్రం వద్దు. ఆ రెండు పేజీల కోసం మొత్తం వార్త నోటీసు గొడవలో మునిగిపోతే మేలు జరిగేది ఛైర్మన్‌కే.

వాటా సంగతి ముందే ప్రకటించాను కాబట్టి తప్పు లేదని నువ్వు ప్రశ్నించబోయే ఛైర్మన్ అనవచ్చు. దానికి జవాబు బ్రిటన్‌లో టిమ్ యో ఉదంతంలో దొరుకుతుంది. ఆయన అక్కడి పార్లమెంటులో ఇంధన, వాతావరణ మార్పుల కమిటీ ఛైర్మన్. సౌర విద్యుత్ కంపెనీ మనుషులమంటూ వెళ్ళిన సండే టైమ్స్ విలేకరులతో ఆయన మాట్లాడిన మాటలు 2013 జూన్‌లో బయటికొచ్చాయి. తనకు పదవి ఉన్న సంస్థ తాలూకు రైలు రవాణా కంపెనీ అధికారి ఒకరు కమిటీ ముందుకు వచ్చినప్పుడు, యో ప్రశ్నలు అడగకుండా తప్పుకున్నారు. వినడానికి బాగానే ఉంది. కానీ ఏం చెప్పాలో ఆ అధికారికి ముందే చెప్పానని ఆయన అన్నట్టు ఆ పత్రిక రాసింది. తప్పుకోవడం కుర్చీ వరకే పరిమితమైతే సరిపోదని అర్థమయింది కదా. ఆయన ఛైర్మన్ బాధ్యతల నుంచి తాత్కాలికంగా వైదొలిగారు. పార్లమెంటు ప్రమాణాల కమిటీ విచారించి, నియమాల ఉల్లంఘన లేదని అదే ఏడాది నవంబరులో తేల్చింది. ఆయన తిరిగొచ్చారు. పత్రిక మీద పరువు నష్టం దావా వేశారు. 2015 నవంబరులో లండన్‌లోని హైకోర్టు ఆ దావాను కొట్టేసింది. పార్లమెంటు చూసింది నియమం దాటారా అని. కోర్టు చూసింది పత్రిక రాసిన దానికి ఆధారం ఉందా అని. నువ్వు రాసే ఛైర్మన్‌కు రేపు ఏదైనా కమిటీ క్లీన్ చిట్ ఇచ్చినా నీ వార్త తప్పైపోదు, నీ ప్రతి వాక్యం వెనకా కాగితం ఉంటే. లేకపోతే ఏ కోర్టూ నిన్ను కాపాడదు.

ఎంపీల నడవడి మీద ఫిర్యాదులు చూసే మన లోక్‌సభ ఎథిక్స్ కమిటీ, రుజువు లేని పత్రికా కథనం ఒక్కటే ఆధారంగా వచ్చిన ఫిర్యాదును తీసుకోదు. సామాన్యులు ఫిర్యాదు చెయ్యాలంటే ఒక ఎంపీ ద్వారా, అఫిడవిట్‌తో పంపాలి. కాబట్టి నీ పత్రాలు ఎవరైనా రేపు ప్రమాణం చేసి జతచేయగలిగేంత గట్టివై ఉండాలి.

శీర్షికకు ‘కంచే చేను మేసింది’ అన్న మాట చేతికి తేలిగ్గా వస్తుంది. పెట్టకు. తీర్పు శీర్షికలో ఉంటే లోపల ఏం రాసినా ఎవరూ చదవరు.

ఆఖరున ఛైర్మన్‌ను అడగడం. వార్త ఎక్కే ముందు సాయంత్రం ఫోన్ చేసి ‘స్పందించలేదు’ అని రాసే అలవాటు మన వృత్తిలో ఎక్కువైంది, అది నాకు సుతరామూ నచ్చదు. లిఖితపూర్వకంగా నాలుగు ప్రశ్నలు పంపు: వాటా సంగతి మీకు ఎప్పుడు తెలుసు, స్పీకర్‌కు గానీ కమిటీకి గానీ ఎప్పుడు చెప్పారు, ఫలానా తేదీన అధ్యక్షత ఎందుకు వహించారు, ఆ కంపెనీ వాళ్ళతో సమావేశానికి ముందు మాట్లాడారా. కనీసం రెండు రోజులు గడువు ఇవ్వు. జవాబు వస్తే కత్తిరించకుండా, మొదటి పేజీలో మొదలైన వార్తకు మొదటి పేజీలోనే వెయ్యమని డెస్కు వాళ్ళతో పోట్లాడు. ఆ జవాబులో నీకు తెలియని తేదీ ఏదైనా ఉంటే వార్త ఆపి, ఆ తేదీ సరిచూసుకున్నాకే ముందుకు వెళ్ళు.

ప్రశ్నలు పంపే ముందు ఒకసారి నాకు చూపించు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న