శ్లాబుకు పనికిరాని డ్రిల్లు అంటగడితే డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: నేను ఇళ్లలో వైరింగు పైపులు, గీజర్లు, స్నానాల గదుల సామాను బిగించే పని సొంతంగా చేసుకుంటాను. నా దగ్గర ఒక సహాయకుడు ఉంటాడు. కాంక్రీటు శ్లాబులకు, దూలాలకు, గోడ టైల్స్‌కు రంధ్రాలు వేసే మిషన్ కావాలని ఒక దుకాణదారుణ్ని ముందురోజు వాట్సాప్‌లో అడిగి, మరునాడు వెళ్లి ఆయన చూపించిన డ్రిల్లు కొన్నాను. ‘హ్యామర్ ఉంది, మీరు చెప్పిన పనులన్నిటికీ సరిపోతుంది’ అని ఆయన జవాబిచ్చారు. ఇటుక గోడలో అది బాగానే దిగుతోంది గానీ, శ్లాబులో ఒక్క యాంకర్ రంధ్రం పూర్తికాకముందే బిట్టు కొన కాలిపోతోంది. ఒక ఇంట్లో రెండు టైల్స్ పగిలాయి. ఇంటి యజమాని నష్టపరిహారం అడుగుతున్నారు. కొన్న మర్నాడే దుకాణానికి వెళ్లి చెబితే, లోపం నా వాడకంలోనే ఉందన్నారు. బిల్లు కింద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అనీ, వారంటీ కార్డులో ‘గృహ వినియోగానికి మాత్రమే’ అనీ అచ్చువేసి ఉంది. ఇది జరిగి రెండు నెలలైంది. మిషన్‌లో తయారీ లోపం ఉందని కేసు వేయవచ్చా? మళ్లీ కొనేటప్పుడు ఏం చూసుకోవాలి?

జవాబు: కేసు వేయడానికి మీకు ఆధారం ఉంది. అయితే తయారీ లోపం అనే కారణం మీద మాత్రం వేయకండి. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే ఆ మిషన్‌లో తయారీ లోపం ఏదీ లేకపోవచ్చు. అది ఏ పనికోసం తయారైందో ఆ పని చక్కగా చేస్తూ, మీరు అడిగిన పనికి మాత్రం చాలకపోయి ఉండవచ్చు. చట్టం దృష్టిలో ఈ రెండూ వేర్వేరు ఫిర్యాదులు. మొదటిది ఎంచుకుంటే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 38వ సెక్షన్ కింద, ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే వినియోగదారుల కమిషన్ ఆ వస్తువును ప్రయోగశాలకు పంపించే అవకాశం ఉంది. అక్కడ మోటారు తిరుగుతోంది, బిట్టును పట్టి ఉంచే చక్ బిగుస్తోంది, దెబ్బ పడుతోంది అని నివేదిక వస్తే మీ ఫిర్యాదు అక్కడితో ఆగిపోతుంది.

మీకు అమ్మింది బహుశా ఇంపాక్ట్ డ్రిల్లు. మీ పనికి కావలసింది రోటరీ హ్యామర్. ఇంపాక్ట్ డ్రిల్లులో పళ్లున్న రెండు బిళ్లలు ఒకదాని మీద ఒకటి జారుతూ ఎగిరిపడటం వల్ల దెబ్బ పుడుతుంది. ఆ దెబ్బలు నిమిషానికి వేలల్లో ఉన్నా ఒక్కొక్కటీ బలహీనమైనది, పైగా వాడే మనిషి ఎంత ఒత్తితే అంత మాత్రమే పనిచేస్తుంది. రోటరీ హ్యామర్‌లో మోటారు ఒక పిస్టన్‌ను నడుపుతుంది. పిస్టన్‌కూ స్ట్రైకర్‌కూ మధ్య చిక్కిన గాలి నలిగి, ఆ స్ట్రైకర్‌ను బిట్టు వెనుక భాగానికి విసిరికొడుతుంది. దెబ్బ మిషన్ లోపలే తయారవుతుంది కనుక మనిషి బలంతో దానికి పెద్దగా సంబంధం లేదు. రెండింటి మీదా సుత్తి బొమ్మ ఉంటుంది. రెండింటినీ దుకాణాల్లో ‘హ్యామర్’ అనే పిలుస్తారు. తేడా చూడగానే తెలిసే చోటు చక్. మూడు దవడలతో తాళంచెవితో బిగించే చక్ ఉంటే అది సాధారణంగా ఇంపాక్ట్ డ్రిల్లు; గాడులున్న బిట్టు కాడ టక్కున లోపలికి దిగి, కొద్దిగా ముందుకూ వెనక్కూ ఆడే ఎస్‌డీఎస్ పద్ధతి ఉంటే అది రోటరీ హ్యామర్. ఈ విషయాన్ని రుజువు చేయడానికి ప్రయోగశాల అక్కరలేదు. వాడుక పుస్తకం, మిషన్ మీది పేరు పలక, చక్ ఫొటో చాలు.

ఇక మీ ఫిర్యాదుకు వెన్నెముక సరుకుల విక్రయ చట్టం, 1930లోని 16వ సెక్షన్. కొనుగోలుదారు తనకు వస్తువు ఏ ప్రత్యేక ప్రయోజనానికి కావాలో విక్రేతకు తెలియజేసి, విక్రేత నైపుణ్యం మీదా అంచనా మీదా ఆధారపడి కొన్నట్టయితే, ఆ రకం వస్తువులు అమ్మడం ఆ విక్రేత వ్యాపారంలో భాగమే అయినప్పుడు, వస్తువు ఆ ప్రయోజనానికి తగి ఉంటుందనే షరతు ఒప్పందంలో రాయకపోయినా ఉన్నట్టే లెక్క. మీ వాట్సాప్ సందేశంలో ‘శ్లాబులు, దూలాలు, టైల్స్’ అని పని స్పష్టంగా ఉంది. ఆయన జవాబులో సరిపోతుందన్న హామీ ఉంది. మిషన్‌ను ఎంపిక చేసింది ఆయనే. ఆ మూడు వాక్యాల సంభాషణే మీ కేసు అనుకోండి. దాన్ని తీసివేయకుండా ఆ ఫోన్‌ను భద్రపరచండి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య చట్టపు నియమాలను సివిల్ కోర్టులంత కఠినంగా పట్టించుకోకపోయినా, భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు జతచేసే ధ్రువపత్రాన్ని ముందే సిద్ధం చేసుకోవడం మంచిది.

ఆ 16వ సెక్షన్‌లోనే ఒక మినహాయింపు ఉంది; అవతలి పక్షం మొదట పట్టుకునేది దాన్నే. కొనుగోలుదారు ఒక వస్తువును దాని వ్యాపార నామంతో అడిగి కొంటే, ప్రత్యేక ప్రయోజనానికి తగి ఉండాలనే షరతు వర్తించదు. అంటే మీరు ఫలానా కంపెనీ ఫలానా మోడల్ నంబరు ఇవ్వమని అడిగి ఉంటే, అది శ్లాబుకు పనికిరాకపోయినా ఆ భారం మీదే అయ్యేది. మీరు అలా అడగలేదు. పని చెప్పారు, పేరు ఆయన చెప్పారు. మన చట్టానికి మూలమైన ఇంగ్లండు చట్టం కింద 1925లో తీర్పు వచ్చిన బాల్డ్రీ వర్సెస్ మార్షల్ కేసులో, ప్రయాణాలకు సౌకర్యంగా ఉండే కారు కావాలని అడిగిన మనిషికి విక్రేత బుగాటీ కారును సూచించి అమ్మాడు. బిల్లులో వ్యాపార నామం ఉన్నంత మాత్రాన విక్రేత తప్పించుకోలేడనీ, కొన్న మనిషి నమ్మింది పేరును కాదు, విక్రేత మాటను అనీ అక్కడ తేలింది. మీ పరిస్థితికి ఆ తర్కం అతికినట్టు సరిపోతుంది.

వారంటీ కార్డులోని ‘గృహ వినియోగానికి మాత్రమే’ అన్న మాటను చూసి, మీరు అసలు వినియోగదారుడే కాదని వారు వాదించవచ్చు. వాణిజ్య ప్రయోజనానికి కొన్నవారిని 2019 చట్టం వినియోగదారుల నిర్వచనం నుంచి తప్పించిన మాట నిజమే. అయితే కేవలం స్వయం ఉపాధి ద్వారా జీవనోపాధి సంపాదించుకోవడానికి కొని, తానే వాడుకునే వస్తువు వాణిజ్య ప్రయోజనం కిందికి రాదని ఆ నిర్వచనానికే వివరణ జతచేశారు. లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో 1995లో సుప్రీంకోర్టు, బతుకుతెరువు కోసం తానే నడుపుకోవడానికి లేత్ మిషన్ కొన్న వ్యక్తి వినియోగదారుడే అవుతాడనీ, ఒకరిద్దరి సాయం తీసుకున్నంత మాత్రాన ఆ హోదా పోదనీ ఉదాహరణలతో చెప్పింది. మీ సహాయకుడి ప్రస్తావన అందువల్ల మీకు హాని చేయదు. కానీ ఫిర్యాదులో ‘నా వ్యాపారం’, ‘నా సంస్థ’ వంటి మాటలు దొర్లితే అవతలి న్యాయవాది వాటినే పట్టుకుంటారు. జరిగినదే రాయండి, నేనే ఈ పని చేసుకుని బతుకుతున్నానని రాయండి. పైపెచ్చు, వారంటీ కార్డు తయారీదారుకూ మీకూ మధ్య ఉన్న కాగితం. శ్లాబు పని చేస్తానని తెలిసి కూడా గృహ వినియోగపు మిషన్ చేతిలో పెట్టారన్నది దుకాణదారుడి మీద మీ ఆరోపణ. ఆ కార్డు దానికి అడ్డు కాదు, నిజానికి అది మీకు అనుకూలమైన సాక్ష్యం.

‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న వాక్యానికి భయపడకండి. లోపమున్న సరుకును వెనక్కి తీసుకుని డబ్బు చెల్లించడానికి, బిల్లులో రాసిన గడువులోగానీ, గడువే లేకపోతే 30 రోజుల్లోగానీ నిరాకరించడాన్ని 2019 చట్టం అనుచిత వాణిజ్య విధానాల్లో చేర్చింది. మీరు మర్నాడే వెళ్లారు. అందుకు సాక్ష్యం ఉందా అన్నదే నా సందేహం. ఆ రోజు చేసిన ఫోన్ కాల్, పంపిన సందేశం, వెంట వచ్చిన సహాయకుడు, ఏదైనా పనికొస్తుంది. ఇక్కడ మీకు ప్రతికూలమైన అంశం ఒకటుంది. వస్తువు నచ్చలేదని తెలియజేయకుండా సహేతుకమైన కాలం దాటి ఉంచుకుంటే, దాన్ని అంగీకరించినట్టే అని 1930 చట్టంలోని 42వ సెక్షన్ చెబుతుంది. ఫిర్యాదు చేసిన తర్వాత కూడా మీరు ఆ మిషన్‌ను ఇటుక గోడలకు వాడుతూ వచ్చినట్టు లేఖ ధ్వనిస్తోంది. దీనివల్ల వస్తువును తిరస్కరించే హక్కు పోయిందని కమిషన్ భావించినా, అదే 1930 చట్టంలోని 13, 59 సెక్షన్ల ప్రకారం నష్టపరిహారం అడిగే హక్కు మిగులుతుంది. 2019 చట్టంలోని 39వ సెక్షన్ కింద మార్పిడికి, ధర వాపసుకు, పరిహారానికి ఆదేశించే అధికారం కమిషన్‌కు ఉంది. కనుక ఈ రోజు నుంచి ఆ మిషన్‌ను పక్కన పెట్టండి. ఎవరిచేతా విప్పించకండి.

టైల్స్ సంగతి వేరు. దాన్ని ఇదే ఫిర్యాదులో కలపడానికి నేను వెనకాడుతున్నాను. గ్లేజు ఉన్న టైల్ మీద హ్యామర్ మీట వేసి డ్రిల్లు పెడితే, ఎంత మంచి మిషన్ అయినా టైల్ పగలవచ్చు. పద్ధతి ఏమిటంటే దెబ్బను పూర్తిగా ఆపి, తిప్పుడు మాత్రమే ఉంచి, తక్కువ వేగంతో, టైల్స్‌కు ప్రత్యేకించిన కార్బైడ్ మొనగల బిట్టుతో, విట్రిఫైడ్ వంటి గట్టి టైల్ అయితే నీటితో చల్లబరుస్తూ డైమండ్ కోర్ బిట్టుతో టైల్ మందం దాటించి, ఆ తర్వాతే వెనుక ఉన్న కాంక్రీటులో కాంక్రీటు బిట్టుతో దెబ్బ వాడాలి. మీరు ఏ మీట మీద పెట్టారో లేఖలో రాయలేదు. హ్యామర్ మీద పెట్టి ఉంటే ఆ నష్టానికి దుకాణదారుణ్ని బాధ్యుణ్ని చేయడం కష్టం. ఇంటి యజమానికి మీరు సేవలో లోపం చేసినవారు అవుతారు, ఆయన కూడా మీ మీద అదే కమిషన్‌కు వెళ్లగలరు. రెండు టైల్స్ మార్చి ఇచ్చి, పూర్తి పరిష్కారమైందని ఆయన చేత రాయించుకోవడమే నా సలహా. దెబ్బ ఆపినా పగిలాయని రుజువు చేయగలిగితే మాత్రం భారత ఒప్పందాల చట్టం, 1872లోని 73వ సెక్షన్ కింద ఆ ఖర్చునూ కోరవచ్చు. టైల్స్ మీద పని చేస్తారని దుకాణదారుడికి ముందే తెలుసు గనుక అది ఆయన ఊహించగలిగిన నష్టమే. అయితే మిషన్ సరిగా లేదని తెలిశాక కూడా వాడి పెంచుకున్న నష్టం ఆ సెక్షన్ కింద తగ్గిపోతుంది.

మళ్లీ కొనేటప్పుడు మోడల్ పేరు కాదు, పని వివరం రాసి అడగండి. ఏ వ్యాసం రంధ్రాలు, రోజుకు సుమారు ఎన్ని, ఎంత లోతు, కడ్డీలున్న శ్లాబులోనా, టైల్ మీదుగానా అన్నది సందేశంలో పెట్టి, అందుకు తగిన మిషన్ సూచించమని కోరి, వచ్చిన జవాబును బిల్లుతో కలిపి ఉంచండి. మీ పనికి, అంటే ఎక్కువగా 6 నుంచి 12 మిల్లీమీటర్ల యాంకర్ రంధ్రాలకు, 10 మిల్లీమీటర్ల కాడ ఉండే ఎస్‌డీఎస్ ప్లస్ రకంలో, 2 నుంచి 3 జూళ్ల దెబ్బ శక్తి ఉన్న మిషన్ చాలు. 18 మిల్లీమీటర్ల కాడ ఉండే ఎస్‌డీఎస్ మ్యాక్స్ మిషన్లు పెద్ద రంధ్రాలకు, పగలగొట్టే పనులకు ఉద్దేశించినవి. వాటితో స్నానాల గది గోడల మీద పని చేయడం చేతికీ గోడకూ మంచిది కాదు. వాట్లను చూసి మోసపోవద్దు. వాట్లు మోటారు లాగే కరెంటును చెబుతాయి, దెబ్బ బలాన్ని జూళ్లు చెబుతాయి. గరిష్ఠంగా 26 మిల్లీమీటర్లు అని రాసి ఉన్నా, రోజూ సుఖంగా చేయగలిగేది అందులో దాదాపు సగమని అనుభవజ్ఞులైన మేస్త్రీలు చెబుతారు. టైల్స్ కోసం దెబ్బను ఆపే మీట, వేగాన్ని నెమ్మదిగా పెంచే స్విచ్ తప్పనిసరి. కడ్డీ తగిలి బిట్టు ఇరుక్కున్నప్పుడు మణికట్టు తిరగకుండా కాపాడే సేఫ్టీ క్లచ్, పక్క పిడి కూడా అంతే అవసరం.

ఆ పక్క పిడిని తీసేసి పని చేసే అలవాటు చాలామందికి ఉంది. ఉత్పత్తి వల్ల దెబ్బ తగిలినప్పుడు తయారీదారు, విక్రేతల బాధ్యతను 2019 చట్టం గుర్తిస్తుంది గానీ, ప్రమాద సమయానికి వస్తువును దుర్వినియోగం చేసినా, మార్చినా విక్రేత మీద ఆ దావా నిలవదని 87వ సెక్షన్ స్పష్టం చేస్తుంది. ఎస్‌డీఎస్ మిషన్‌కు అడాప్టర్ వేసి సాధారణ చక్ తగిలించి, దాంతో హ్యామర్ వాడటం కూడా వాడుక పుస్తకాలు వద్దనే పనే.

ఆన్‌లైన్‌లో కొంటే పని చెప్పడానికి ఎదురుగా ఎవరూ ఉండరు, కనుక అక్కడ 16వ సెక్షన్ కంటే, వర్ణనకు తగిన వస్తువు ఇవ్వాలనే 15వ సెక్షన్ ఉపయోగపడుతుంది. కొన్న రోజున ఆ వస్తువు వివరణను స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి, తర్వాత ఆ వివరణ మారిపోవచ్చు. ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని విక్రేత అనరాదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి.

ప్రస్తుత వివాదంలో మీరు చేయవలసింది ఇది. ముందుగా దుకాణదారుడికి స్పీడ్ పోస్టులో ఒక నోటీసు పంపండి. న్యాయవాది ద్వారానే పంపాలని లేదు. అందులో కొన్న తేదీ, వాట్సాప్ సంభాషణ, చెప్పిన పని, మర్నాడు చేసిన ఫిర్యాదు పేర్కొని, 15 రోజుల్లో మిషన్ తీసుకుని ధర చెల్లించమనో, తగిన రోటరీ హ్యామర్‌తో మార్చమనో కోరండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి; ఇటువంటి చిన్న వివాదాలు చాలావరకు ఆ దశలోనే సర్దుబాటు కావడం నేను చూశాను. కాకపోతే మీరు నివసించే లేదా పని చేసుకునే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, దుకాణం ఉన్న ఊరికి వెళ్లనక్కరలేదు. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు గనుక ఫీజు లేదు. మీరే స్వయంగా వాదించుకోవచ్చు. ఎదుటి పక్షంగా దుకాణదారుణ్ని మాత్రమే చేర్చండి. పెట్టె మీద తప్పుడు సామర్థ్యం అచ్చువేసి ఉంటే తప్ప తయారీదారును చేర్చవద్దు, చేర్చారంటే మీరు వదులుకోవలసిన తయారీ లోపం వాదం మళ్లీ ముందుకొస్తుంది. పరీక్ష అవసరం లేని కేసులను ఎదుటి పక్షానికి నోటీసు అందిన 3 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది, ఆచరణలో ఇంకా ఎక్కువే పడుతుంది. కాలపరిమితి వివాద కారణం తలెత్తిన నాటి నుంచి 2 సంవత్సరాలు కనుక మీకు తొందర లేదు. దుకాణదారుడు ఈలోగా ఉచితంగా మరమ్మతు చేసి ఇస్తానంటే, అది మరమ్మతుతో తీరే లోపం కాదని రాతపూర్వకంగా జవాబిచ్చి, మిషన్‌ను మీ దగ్గరే ఉంచుకోండి.