యాక్సిలరేటర్ తొక్కగానే వెనక జారుతోందా? ముందు క్రాస్ వెయిట్ చూడండి

ఐరేసింగ్‌లో (కంప్యూటర్‌లో ఆడే కార్ రేసింగ్ సిమ్యులేటర్) షార్లట్ ఓవల్ అనే కోడిగుడ్డు ఆకారపు ట్రాక్ మీద మీ ఎక్స్‌ఫినిటీ (నాస్కార్ రెండో స్థాయి సిరీస్‌కి 2025 దాకా ఉన్న పేరు) కారు మొదటి పది ల్యాప్‌లు బాగానే ఉండి, తర్వాత మలుపు దాటి యాక్సిలరేటర్ తొక్కగానే వెనక జారి గోడకేసి పోతోందన్నారు కదా, దాన్నే లూజ్ అంటారు. స్ప్రింగుల జోలికి ఇప్పుడే వెళ్లకండి. క్రాస్ వెయిట్ అర శాతం పెంచి చూడండి, అంటే కుడి ముందు చక్రం, ఎడమ వెనక చక్రం మీద బరువు పెరుగుతుంది, వెనక పట్టు దొరుకుతుంది. ఇంకా జారుతుంటే ట్రాక్ బార్ (వెనక ఇరుసు పక్కకి కదలకుండా పట్టుకునే కడ్డీ) రెండు వైపులా కొంచెం దించండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, ప్లీజ్! నేను ఒకేసారి మూడు మార్చి, ఏది పనిచేసిందో తెలియక ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను.

ప్రతి మార్పుకీ 15 ల్యాప్‌లు తిరిగి, పిట్‌లోకి వచ్చి టైర్ల వేడి చూడండి. కుడి ముందు టైరు కన్నా కుడి వెనకది బాగా వేడెక్కి ఉంటే ఇంకా లూజే. మలుపు మధ్యలో కారు తిరగనని మొండికేస్తే క్రాస్ వెయిట్ ఎక్కువ పెంచేశారన్నమాట, పెంచినదాంట్లో సగం వెనక్కి తగ్గించండి.

ఇంకోటి, స్టీరింగ్ ఇంకా ఎడమకి తిప్పి ఉండగానే పూర్తిగా తొక్కేస్తున్నారేమో గమనించండి, కుడి వెనక టైరు సగం అక్కడే అరిగిపోతుంది.