స్పీడ్ కెమెరా నోటీసు: డ్రైవరుగా నాన్నగారి పేరు రాయవచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం. ఆరేళ్లుగా ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఇటీవల ఉదయం ఆఫీసుకు వెళుతూ, 30 మైళ్ల పరిమితి ఉన్న రోడ్డు మీద 38 మైళ్ల వేగంతో స్పీడ్ కెమెరాకు దొరికాను. లైసెన్సు మీద ఇప్పటికే 6 శిక్షా పాయింట్లున్నాయి. నా భార్యకు ఏడో నెల. ఆస్పత్రికి తిప్పేది నేనే. లైసెన్సు పోతే మా బతుకు తలకిందులవుతుంది. నోటీసు పాత ఇంటికి వెళ్లడంతో 17వ రోజున నా చేతికి అందింది. 14 రోజులు దాటింది కనుక చెల్లదని ఒకరు అంటున్నారు. అప్పట్లో మా ఇంట్లో ఉండి, తర్వాత ఖమ్మం వెళ్లిపోయిన నాన్నగారి పేరు రాసి పంపమని మరొకరు చెబుతున్నారు. ఏం చేయాలి? వేసవిలో కారులో ఫ్రాన్స్ వెళుతున్నాం. కెమెరాలను ముందే పసిగట్టే పరికరం పెట్టుకోవచ్చా? మద్యం మోతాదు చూసుకునే శ్వాస పరీక్ష కిట్ కారులో ఉండాలా?

జవాబు: ఆ ఉదయం కారు నడిపింది ఎవరు? మీ కేసును తేల్చేది ఈ ఒక్క ప్రశ్నే. ‘దొరికాను’ అని మీరే రాశారు. కాబట్టి డ్రైవరు ఎవరో చెప్పమని నోటీసుతో వచ్చిన ఫారంలో రాయదగిన పేరు మీదొక్కటే.

ముందు గడువు సంగతి. మొదటి నోటీసు 14 రోజుల్లోగా చేరవలసింది వాహన రికార్డుల్లో ఉన్న చిరునామాకు. మీరు జతపరచిన నోటీసు తేదీ ప్రకారం, ఘటన జరిగిన అయిదో రోజునే దాన్ని పంపారు. ఇల్లు మారి, కారు రిజిస్ట్రేషన్ పత్రంలో చిరునామా మార్చకపోవడం మీ తప్పు. దానికే వెయ్యి పౌండ్ల దాకా జరిమానా పడవచ్చు. సొంత నిర్లక్ష్యం వల్ల జరిగిన ఆలస్యాన్ని కోర్టులో కవచంగా వాడుకోలేరు. ఇల్లు మారిన వెంటనే చేయవలసిన పనిని ఇన్నాళ్లు ఎందుకు వదిలేశారు?

డ్రైవరు వివరాలు చెప్పడానికి 28 రోజుల గడువుంటుంది. దాన్ని పాత ఇంటికి నోటీసు చేరిన రోజు నుంచే లెక్క వేసుకోండి. కెమెరా ఫొటో కావాలని అడగవచ్చు, కానీ అది వచ్చేదాకా గడువు ఆగదు. జవాబివ్వకుండా 6 నెలలు గడిపేస్తే వేగం కేసుకు కాలం చెల్లుతుందని కొందరు చెబుతారు. కానీ డ్రైవరు వివరాలు ఇవ్వకపోవడం 1988 రోడ్డు ట్రాఫిక్ చట్టం సెక్షన్ 172 కింద వేరే నేరం. దానికి వర్తించే 6 నెలల కాలపరిమితి, ఆ 28 రోజుల గడువు ముగిశాకే మొదలవుతుంది. శిక్ష 6 పాయింట్లు, వెయ్యి పౌండ్ల దాకా జరిమానా. పాత 6తో కలిస్తే 12. మూడేళ్ల వ్యవధిలో 12 పాయింట్లు చేరితే సాధారణంగా కనీసం 6 నెలలు బండి నడపకుండా నిషేధిస్తారు.

ఇక నాన్నగారి పేరు. ఆ ఆలోచన ఈ రోజే మానుకోండి. తెలిసి అబద్ధం రాసి పంపడం న్యాయ ప్రక్రియకు అడ్డుపడే నేరం. గరిష్ఠ శిక్ష యావజ్జీవం, కేసు పెట్టడానికి కాలపరిమితి లేదు. తర్వాతి కాలంలో బ్రిటన్ మంత్రి అయిన క్రిస్ హ్యూన్ 2003లో తన వేగం పాయింట్లను అప్పటి భార్య విక్కీ ప్రైస్ పేరు మీదికి మళ్లించారు. పదేళ్ల తర్వాత, 2013 మార్చిలో, ఇద్దరికీ చెరో 8 నెలల జైలు శిక్ష పడింది. నాన్నగారు సంతకం పెడితే ఆయన్నూ ఇందులోకి లాగినవారవుతారు.

వెనుక నుంచి తీసిన ఫొటోలో ముఖం కనబడదన్న ధైర్యంతో ఇలాంటి సలహాలు ఇస్తారు. ఆ ఉదయం ఆఫీసు తలుపు దగ్గర మీ కార్డు నమోదైన సమయం, మీ ఫోను ఎక్కడుందో చూపే వివరాలు చాలవా? కారు బీమా పత్రం కూడా తీసి చూడండి. అందులో నాన్నగారి పేరు లేకపోతే, బీమా లేని మనిషికి కారు ఇచ్చినట్టు మీరే ఒప్పుకున్నట్లవుతుంది. దానికి 6 నుంచి 8 పాయింట్లు. నిషేధం తప్పించుకోవడానికి చెప్పిన అబద్ధమే మిమ్మల్ని నిషేధం దగ్గరికి చేరుస్తుంది.

నిజం చెబితే ఏమవుతుంది? 38 మైళ్ల వేగానికి సాధారణంగా 100 పౌండ్ల జరిమానా, 3 పాయింట్లు. మొత్తం 9, లైసెన్సు నిలుస్తుంది. గత మూడేళ్లలో వేగంపై అవగాహన తరగతికి వెళ్లి ఉండకపోతే, ఈసారి పోలీసులే ఆ అవకాశం ఇవ్వవచ్చు. దాన్ని పూర్తిచేస్తే పాయింట్లే పడవు. ఫారంలో మీ పేరు రాసి, నకలు తీసుకుని, పంపినట్టు తపాలా రసీదు దాచుకోండి. చిరునామా ఈ రోజే మార్చండి. మీ భార్య ఆరోగ్యం గురించి రాసినదంతా 12 పాయింట్లకు చేరినవారు నిషేధం తప్పించుకోవడానికి కోర్టులో అసాధారణ కష్టంగా చెప్పుకునే వాదన. మీరు ఇంకా అక్కడికి చేరలేదు.

ఫ్రాన్స్‌లో కెమెరాలను పసిగట్టే పరికరం వాడటమే కాదు, స్విచ్ వేయకుండా కారులో ఉంచుకున్నా నేరమే. 1,500 యూరోల దాకా జరిమానా వేసి, పరికరాన్ని స్వాధీనం చేసుకుంటారు. మీ నావిగేషన్‌లో కెమెరా హెచ్చరికలు ఉంటే సరిహద్దు దాటకముందే ఆపేయండి. శ్వాస పరీక్ష కిట్ కారులో ఉంచుకోవాలన్న నిబంధనను 2020లో తీసేశారు. అయితే మద్యం పరిమితి అక్కడ తక్కువ. ఇంగ్లండ్‌లో లీటరు రక్తానికి 0.8 గ్రాములు, ఫ్రాన్స్‌లో 0.5.