నీండకర పద్ధతి మన రేవులకు పనికొస్తుందా?

వలలో పడ్డ ప్లాస్టిక్‌ను ఒడ్డుకు తెప్పించే కేరళ ప్రభుత్వ కార్యక్రమాన్ని ఆంధ్ర తీరానికీ విస్తరించవచ్చా అన్నది ప్రశ్న. విస్తరించవచ్చు, విస్తరించాలి కూడా.

‘శుచిత్వ సాగరం’ అనే ఈ కార్యక్రమం 2017లో కొల్లం జిల్లా నీండకర హార్బర్‌లో మొదలైంది. అంతకుముందు చేపలతో పాటు వలలోకి వచ్చిన కవర్లు, సీసాలు, తెగిన వల ముక్కలను మత్స్యకారులు మళ్లీ సముద్రంలోకే విసిరేసేవారు. పాపం, ఒడ్డుకు తెస్తే తీసుకునేవాళ్లే లేరు. ప్రభుత్వం బోట్లకు సంచులిచ్చింది. తెచ్చిన చెత్తను హార్బర్‌లోనే మహిళలు కడిగి, వేరుచేసి, యంత్రంలో ముక్కలు చేసేలా ఏర్పాటు చేసింది. ఆ ముక్కలను తారులో కలిపి రోడ్లు వేశారు.

నా దృష్టిలో అసలు కీలకం ఒడ్డున ఉన్న ఆ షెడ్డు, అక్కడ పనిచేసేవాళ్లకు ఆగకుండా అందాల్సిన జీతం. విశాఖ, కాకినాడ, నిజాంపట్నం రేవుల్లో సంచులు పంచి ఊరుకుంటే చెత్త జెట్టీ మీద పేరుకుపోయి, వానకు మళ్లీ నీళ్లలోకే జారుతుంది.

పైగా వలకు చిక్కేది కొంతే. కాలువలు, నదుల వెంట కొత్తది వస్తూనే ఉంటుంది. ఒకసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులపై 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. తీర పట్టణాల్లో దాన్ని కూడా గట్టిగా అమలు చేయాలి.